కంప్యూటర్ కబుర్లు: కొత్త ల్యాప్‌టాపా? కొత్త మెమరీయా?

మా విరూర్‌లో ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఇటు చంద్రపూర్‌కో, అటు రైలెక్కి కాగజ్‌నగర్‌కో వెళ్ళాలి. అంతదూరం వెళ్ళేముందు ఇంట్లోనే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఈమధ్య మా పక్కింటి అమ్మాయి ల్యాప్‌టాప్ నత్తనడక పట్టింది. కొత్తది కొనడానికి వాళ్ళ నాన్నగారు చిట్టీ ఎత్తుదామనుకున్నారు. అమ్మాయి బెంగ వేరు. కాలం చేసిన నాయనమ్మ తెలుగులో చెప్పిన కథల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. "మెమరీ మారిస్తే అవి పోతాయా బాబాయ్?" అని అడిగింది.

పోవమ్మా అన్నాను. ర్యామ్ అంటే వంటింటి గట్టు లాంటిది. పని జరిగేంతసేపే దానిమీద సామాను ఉంటుంది. కరెంటు ఆపితే ఖాళీ. దాచుకున్న ఫైళ్ళు ఉండేది అటక మీద, అంటే డిస్కులో. అయినా ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయించాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపైన మెమరీ చూడండి. నెమ్మదించినప్పుడు మెమరీ నిండిపోతుంటే పెంచాల్సిందే. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ నూరు శాతం చూపిస్తుంటే, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం మేలు. మా అమ్మాయి దాంట్లో 4 జీబీ నిండిపోయింది, ఒక స్లాటు ఖాళీ. మరో 4 జీబీ వేస్తే సరిపోయింది; చిట్టీ జోలికి వెళ్ళలేదు.

కొనేముందు గమనించండి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని బదులు ఒకటి పనికిరావు. సన్నటి మోడళ్ళు చాలావాటిలో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీకి మించి వేసినా ఉపయోగం లేదు. 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ముందు ధర అడగండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ లోటు మెమరీతో తీరదు సుమా!

వేసేటప్పుడు మిషను పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, బ్యాటరీ కనెక్షన్ విడదీయండి. ఏదైనా లోహాన్ని తాకి, ముక్కను అంచులు పట్టుకొని ఏటవాలుగా దూర్చి, క్లిప్పులు పట్టుకునేదాకా నొక్కండి.

మీ ఇంట్లోనూ పెద్దల గొంతులు ఒకే మిషనులో ఉంటే, ఈ ఆదివారమే రెండో ప్రతి తీసిపెట్టండి.