ఎవరి పూచీ మీద మన సర్వరులు?

నేడు మన ఆస్పత్రులు, సహకార బ్యాంకులు, కళాశాలలు, పురపాలక కార్యాలయములు సర్వరుల మీదనే నడచుచున్నవి. ఆ సర్వరులకు ఆపరేటింగ్ సిస్టములో ఏ విడుదల తగునని ప్రశ్న పుట్టగానే రెండు పక్షములు బయలుదేరును. క్రొత్తది గనుక మేలనువారు కొందరు. ఇంతకాలము నడచినది ఇకముందును నడచుననువారు మరికొందరు. ఉభయులును పొరబడుచున్నారని మా నిశ్చితాభిప్రాయము.

పాతదానిని పట్టుకొని వ్రేలాడువారు 2017 మే నెలను స్మరింతురు గాక. వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమెల్ల చుట్టుచు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులను సైతము కొన్నింటిని పట్టుకొనెను. అది చొరబడు రంధ్రమును మూయు మరమ్మతు ఆ మార్చిలోనే వెలువడియుండెను. కాని 2015 జూలైలో గడువు తీరిన విండోస్ సర్వర్ 2003 కు అది ఉపద్రవము చెలరేగిన పిదపగాని బహిరంగముగ లభింపలేదు.

ఇక క్రొత్తదనమునకు మోజుపడువారి సంగతి. 2014లో రెడ్ హ్యాట్ కంపెనీ చేరదీసిన సెంటాస్ లినక్సును నమ్మి ఎందరో సర్వరులు నెలకొల్పిరి. 2019 సెప్టెంబరులో వచ్చిన దాని 8వ విడుదల 2029 వరకు నిలుచునని అందరును తలంచిరి. ఆ కంపెనీయే 2020 డిసెంబరు 8న, 2021 డిసెంబరు 31తో దానికి సమాప్తి యని ప్రకటించెను. అంతకు ముందటి 7వ విడుదలయో, 2024 జూన్ 30 వరకు నిండు ఆయువు జీవించెను. అన్న బ్రదికియుండగా తమ్ముడు గతించెను! కంపెనీ తన లాభము తాను చూచుకొనెను. అందు వింత లేదు. పరుల దయ మీద పదియేండ్ల భవిష్యత్తును కట్టుకొనుటయే వింత.

ధనమిచ్చి పూచీ కొనవచ్చును గదా యందురు. కొనగలవారు కొందురు గాక. వ్రాతలోనున్న ఒడంబడిక ఉత్తమాటకన్న మేలు. కొనువారైనను కొననివారైనను అడుగవలసిన ప్రశ్నలు మూడు: మరమ్మతులు ఎంతకాలము వచ్చును? ఆ మాట ఇచ్చినదెవరు? మాట తప్పినచో మనకు దారి యేది?

ఉబుంటులో ఆరు నెలలకొకటిగా వచ్చు సాధారణ విడుదలకు తొమ్మిది నెలలే ఆయువు. సరిసంవత్సరముల ఏప్రిలులో వచ్చు దీర్ఘకాలిక విడుదలకు ఐదేండ్లు. సర్వరునకు ఏది తగునో చెప్పనక్కరలేదు. 1993లో పుట్టిన డెబియన్‌కు యజమానియైన కంపెనీయే లేదు. దాని స్థిర విడుదలకును దీర్ఘకాలిక సేవతో కలిపి సుమారు ఐదేండ్ల రక్షణ కలదు. మన సి-డాక్ నిర్మించిన బాస్ లినక్సు ఈ పునాది మీదనే లేచినది. సెంటాస్ కూలినపుడును మూలగ్రంథము తెరచియుండుటచేతనే 2021లో ఆల్మా, రాకీ అను రెండు లినక్సులు లేచి నిరాశ్రయులకు నీడనిచ్చినవి.

అయినను ఆ ఐదేండ్ల సేవ ఆకాశమునుండి ఊడిపడదు. ధనమిచ్చువారును, శ్రమించువారును ఉన్నంతకాలమే అది నిలుచును. మన సంస్థలు సర్వరుల కొరకు వ్యయపరచు సొమ్ములో కొంత భాగమును, మన యువకుల నేర్పులో కొంత భాగమును అచ్చటికి పోవలయును. ఉచితమని భుజించి చేయి కడుగుకొని పోవువానికి స్వాతంత్ర్య మెక్కడిది?