కూలీలు దొరకడం లేదా, కూలి దొరకడం లేదా?

గుడియాత్తం, పేర్నాంబట్టు వైపు మామిడి తోటలకు, కూరగాయల చేలకు ఎక్కడికి వెళ్లినా మాకు ఒకే మాట వినబడుతోంది: “పాస్టరు గారూ, కూలోళ్లు దొరకడం లేదు. నూరు రోజుల పని వచ్చి అందర్నీ సోమరుల్ని చేసింది.” ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల మీద కూడా ఇదే. అనేది మన సంఘ పెద్దలు. పక్కనే చెప్పులు వేసుకుంటూ వింటున్నది ఆ పనికి వెళ్లే మన అక్కలు.

ఈ మాటను మేము ఒప్పుకోము.

తమిళనాడులో ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 336 రూపాయలు. అదీ ఏడాదికి వంద రోజులకే హామీ. మిగిలిన 265 రోజులు వాళ్లెక్కడున్నారు? ఆంబూరు, రాణిపేట చెప్పుల ఫ్యాక్టరీల్లో, గుడియాత్తం అగ్గిపెట్టెల షెడ్లలో, బెంగళూరు కట్టడాల మీద. ఫ్యాక్టరీ స్వర్గమని మేము అనడం లేదు. తోళ్ల శాలలు పాలారును ఏం చేశాయో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పే చెబుతుంది. కానీ తోటలో ఇంకా “ఏమే, రావే” అనే పిలుపు, విడిగా పెట్టిన గ్లాసు. పది చదివిన మన దళిత పిల్ల ఆ గ్లాసు దగ్గరికి తిరిగి ఎందుకు వస్తుంది? కోత కోసినవారి కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు రాశాడు. ఇక్కడ ఆ మొర కూడా వినబడదు, మనిషి ఊరే వదిలి వెళ్లిపోయింది.

ఉపాధి హామీకి బదులు 2025 డిసెంబరులో తెచ్చిన చట్టం 125 రోజులు ఇస్తామంటూనే, నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పని ఆపమంటోంది. అంటే కూలి పెంచకుండా, ఆకలి చూపించి తోటకు తోలుకురావడం.

అలాగని రెండెకరాల రైతుదే దోషమనలేము. అతను కూలి ఎక్కణ్ణుంచి పెంచాలి? 2025లో తోతాపురి ధర పడిపోతే పక్కనే చిత్తూరులో ఆంధ్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని చెప్పి, అందులో 4 తానే భరించాల్సి వచ్చింది. ఆ నాలుగూ ఆంధ్ర రైతుకే.

పైగా పన్ను. పల్లెల్ని పట్టణాల్లో కలుపుతామంటే 2025 మొదట్లో తమిళనాట ఎన్నో ఊళ్లు రోడ్డెక్కాయి. పంచాయతీ పోతే ఉపాధి పనీ పోతుంది, ఇంటి పన్నూ పెరుగుతుంది. పూర్తిగా సాగులో ఉన్న భూమికి పట్టణ పన్ను లేదంటారు, నిజమే. మరి కూలీలు లేక బీడుపడిన తోట సాగు భూమా, ఖాళీ స్థలమా? తేల్చేది రైతు కాదు. భయపడి అమ్మితే కొనేది ప్లాట్ల వ్యాపారి. అహాబు నాబోతు ద్రాక్షతోటను కనీసం కూరతోట కోసం అడిగాడు. ఇప్పటి అహాబులకు కూరతోట కూడా అక్కర్లేదు.

అందుకే అడుగుతున్నాం. వచ్చే కోతకు ముందే మన సంఘాల్లో తోట ఉన్నవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు ఒకే చాప మీద కూర్చోవాలి. 336కు తగ్గని కూలి, సాయంత్రానికి చేతిలో డబ్బు, అందరికీ ఒకే గ్లాసు. లెక్క రాసే పని యువత తీసుకోవాలి. ఆ మాట కుదిరాక ఇద్దరూ కలిసి వేలూరు కలెక్టరేట్‌లో రైతుల ఫిర్యాదుల దినానికి వెళ్లి ధర గురించి, బీడు తోట పన్ను గురించి అడగాలి. మేమూ వస్తాం.