దాస్తే ముప్పే

ఒకే గదిలో ఉండే దోస్తు ఆదివారం పూట ఊరి బయటికి పోయి గంజాయి సిగరెట్ తాగి వస్తున్నాడు. సోమవారం క్లాసుకు మామూలుగానే వస్తాడు. మార్కులు తగ్గలేదు, ఎవరితోనూ లొల్లి పెట్టుకోలేదు. సంగతి తెలిసిన తోటి విద్యార్థి పెద్దలకు చెప్పాలా, తనకెందుకని ఊరుకోవాలా? ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లోని హాస్టళ్లలో, కిరాయి గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. మా అభిప్రాయం సూటిగానే చెబుతున్నాం. చెప్పాలి. అయితే తాగేవాడి సంగతి ముందుగా చెప్పాల్సింది ఠాణాలో కాదు, వాణ్ని చదువులో నిలబెడుతూనే వైద్యం చేయించగల పెద్దమనిషికి. అమ్మేవాడి సంగతి మాత్రం నేరుగా పోలీసులకే చెప్పాలి. ఈ తేడా పాటించని కాలేజీకి గానీ, పోలీసు శాఖకు గానీ ‘సమాచారం ఇవ్వండి’ అని పిల్లలను అడిగే హక్కు లేదు.

తెలంగాణలో ఇప్పుడు ఎక్కడ విన్నా సమాచారం మాటే. 2025 జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నార్కోటిక్స్ బ్యూరోకు ‘ఈగల్’ అని కొత్త పేరు పెట్టారు. విద్యాసంస్థల్లో డ్రగ్స్ దొరికితే యాజమాన్యాలదే బాధ్యత అని హెచ్చరించారు. 1908కి ఫోన్ చేయమంటున్నారు. బడుల్లో ప్రహరీ క్లబ్బులు, కాలేజీల్లో డ్రగ్స్ వ్యతిరేక కమిటీలు పెట్టమన్నారు. ఇవన్నీ కావలసినవే. కానీ ఫోన్ చేశాక ఆ పిల్లవాడి గతి ఏమిటన్నది ఎవరూ చెప్పడం లేదు. నింద తమ మెడకు చుట్టుకుంటుందన్న భయంతో యాజమాన్యం చేసే మొదటి పని టీసీ చేతిలో పెట్టి సాగనంపడమే అయితే, దోస్తు పేరు నోరు విప్పి చెప్పే విద్యార్థి ఎవరుంటారు?

ముందు ‘అది వాడి సొంత విషయం’ అనే వాదన సంగతి తేలుద్దాం. కాలేజీ గంటలు అయిపోయాక, గేటు బయట, తన ఒంటితో తాను చేసుకునే పని మనకెందుకని చాలామంది అడుగుతారు. బెల్టు షాపులకు లేని అడ్డు గంజాయికేనా అనీ అడుగుతారు. ఈ ప్రశ్నల్లో న్యాయం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల లోపు వాళ్లలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు. భంగు, గంజాయి, చరస్ మూడూ కలిపినా వాడేవాళ్లు 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది. సారాను చూసీ చూడనట్టు వదిలేసిన పెద్దల నోట గంజాయి మీద నీతులు వింటే పిల్లలకు నవ్వు రావడంలో వింత లేదు.

అదే సర్వే ఇంకో లెక్క కూడా చెప్పింది. దేశంలో సుమారు 72 లక్షల మందికి భంగు, గంజాయి, చరస్ అలవాటు వైద్యమో, సలహానో అవసరమయ్యేదాకా ముదిరింది. వాడేవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరన్నమాట. ఆ నాలుగోవాడు ఎవరో మొదటి దమ్ము లాగిన నాడు ఎవరికీ తెలియదు. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మెదడు ఎదుగుదల ఇరవై ఏళ్లు నిండాక కూడా సాగుతూనే ఉంటుంది. ఆ వయసులో తరచూ తాగితే జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం వంటి మానసిక రోగ లక్షణాలూ వస్తాయి. మార్కులు తగ్గేదాకా ఆగి చూద్దామనడం తెలివైన పని కాదు.

పైగా పదిమంది కలిసి ఉండే హాస్టల్లో, నలుగురు పంచుకునే గదిలో ఇది ఒక్కడి విషయంగా ఎంతకాలం ఉంటుంది? పెద్దవాడు తాగితే చిన్నవాడు చూస్తాడు. తెచ్చుకునేవాడు రేపు ఇంకొకరికి తెచ్చిపెడతాడు, ఎల్లుండి తన ఖర్చు వెళ్లడానికి నాలుగు పొట్లాలు అమ్ముతాడు. దళారికి కావలసింది సరిగ్గా ఇలాంటి పిల్లవాడే. చట్టం కూడా గది పంచుకున్నవాణ్ని వదలదు. తోటివాడు తాగిన సంగతి చెప్పనందుకు విద్యార్థిని శిక్షించే నిబంధన 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టంలో లేదు. కానీ తన అధీనంలో ఉన్న గదిని ఇలాంటి నేరానికి తెలిసీ వాడుకోనిస్తే, ఆ నేరానికి ఎంత శిక్షో అంత శిక్ష వీడికీ పడుతుందని అదే చట్టంలోని 25వ సెక్షన్ అంటోంది. తాగనివాడు కూడా కేసులో ఇరుక్కునే దారి ఇది.

చదివేది ఏ వృత్తి కోసమో దాన్ని బట్టి కూడా బాధ్యత పెరుగుతుంది. రేపు సూది పట్టి రోగి పక్కన నిలబడే నర్సింగ్ విద్యార్థిని, ఆపరేషన్ గదిలోకి అడుగుపెట్టే మెడికోను ‘డ్యూటీలో లేనప్పుడు కదా తాగింది’ అని వదిలేయలేం. 2025లో ఈగల్ బృందం హైదరాబాద్ శివార్లలోని ఒక వైద్య కళాశాలలో గంజాయి అమ్మకాల గుట్టు విప్పింది. అమ్మినవాళ్లను అరెస్టు చేసింది. తాగినట్టు పరీక్షలో తేలిన వైద్య విద్యార్థులను మాత్రం డీ అడిక్షన్ కేంద్రానికి పంపింది. అది సరైన పని. హైదరాబాద్ మెడికోకు దక్కిన ఆ అవకాశం ఉట్నూర్ ఆశ్రమ పాఠశాలలో చదివే గోండు, కోలాం, లంబాడా పిల్లవాడికీ దక్కితీరాలి.

దక్కించడానికి కొత్త చట్టం అక్కరలేదు. గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. అయితే అలవాటు పడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు వస్తే వాడకం, చిన్న మొత్తం కేసుల్లో విచారణ నుంచి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మధ్యలో వైద్యం వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. పద్దెనిమిది నిండనివాళ్లకు బాలల న్యాయ చట్టం ఇంకా పెద్ద అండ. ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్లవాడు తాగి దొరికితే మామూలుగా ఎఫ్‌ఐఆర్ కట్టనే కూడదు. డైరీలో రాసి, వాడి ఇంటి పరిస్థితులు తెలుసుకుని, ఆ నివేదికను బాలల న్యాయ మండలికి పంపాలి. పేరు, ఫొటో పత్రికలకు ఎక్కించకూడదు. ఆ పిల్లవాడికి గంజాయి ఇచ్చినవాడికి మాత్రం అదే చట్టంలోని 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. తాగేవాణ్ని, అమ్మేవాణ్ని చట్టమే వేరుగా చూస్తోంది. చూడనిది మన కాలేజీలు, మన హాస్టళ్లు, ఒక్కోసారి మన ఠాణాలు.

ఉట్నూర్‌లో నోరు మెదపకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల ఏజెన్సీలో పత్తి, కంది చేలల నడుమ గంజాయి మొక్కలు దొరికాయన్న వార్తలు మనకు కొత్త కాదు. ఆశ చూపేది బయటి దళారి, కేసు మోసేది చేను ఉన్న పేద రైతు. మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. గంజాయి పండిస్తే రైతుబంధు ఆపేస్తామని, అటవీ హక్కుల పట్టాలు రద్దు చేస్తామని 2021 అక్టోబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. దోస్తు పేరు చెబితే ఆ తీగ ఏ గూడెం దాకా, ఎవరి చేను దాకా పోతుందోనన్న భయం పిల్లల్లో ఉండడం సహజం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లవాడికి టీసీ అంటే ఇంకో కాలేజీ వెతుక్కోవడం కాదు, చదువు ముగిసినట్టే. పత్తి చేనుకో, పట్నంలో కూలికో పోవడమే. ఆ పాపం తనకు చుట్టుకుంటుందని తోటి విద్యార్థి వెనకాడితే వాణ్ని తప్పుపట్టలేం.

వానాకాలంలో హాస్టల్లో ఒకరికి జ్వరం వస్తే పక్కమంచం వాడు పరుగెత్తి వార్డెన్‌కు చెబుతాడు. ఏఎన్ఎం రక్తం తీస్తుంది, మాత్రలు ఇస్తుంది, అవసరమైతే ఆస్పత్రికి పంపుతారు. జ్వరం వచ్చినందుకు ఎవరికీ టీసీ ఇవ్వరు కాబట్టే చెప్పడానికి ఎవరూ భయపడరు. గంజాయి విషయంలోనూ ఈ నమ్మకం రావాలి. అది రానంతకాలం ఎన్ని ప్రతిజ్ఞలు చేయించినా, ఎన్ని ర్యాలీలు తీసినా సమాచారం రాదు.

ప్రపంచం ఈ పాఠం ముందే నేర్చుకుంది. పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకానికి పది రోజులకు సరిపడా మత్తు పదార్థంతో దొరికినవాణ్ని కోర్టుకు ఎక్కించకుండా, న్యాయం, వైద్యం, సమాజ సేవ తెలిసినవాళ్లున్న కమిషన్ ముందుకు పంపుతోంది. అమ్మేవాడికి అక్కడా జైలే. అమెరికాలో మత్తు ఎక్కువై స్నేహితుడు పడిపోతే కేసుకు భయపడి ఫోన్ చేయకపోవడం వల్ల ప్రాణాలు పోతున్నాయని గుర్తించి, సాయం కోసం పిలిచినవాడికి రక్షణ ఇస్తూ న్యూ మెక్సికో 2007లో చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. భయం తగ్గితేనే జనం చెబుతారు.

చెప్పడం చాడీ అవుతుందన్న అభ్యంతరం ఉంది. పగతోనో, పోటీతోనో లేని నింద వేస్తే ఏమిటన్న భయమూ ఉంది. 2017లో ఆదివాసీ, లంబాడా వర్గాల మధ్య ఉద్రిక్తతలు చూసిన ప్రాంతం మనది. ఒక పిల్లవాడి మీద వేసిన తప్పుడు మాట తండాలకు, గూడేలకు మధ్య గొడవగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఆకాశరామన్న ఉత్తరాలతో, వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు పెట్టడంతో ఈ పని జరగకూడదు. కావాలని అబద్ధపు సమాచారం ఇచ్చి సోదాకో, అరెస్టుకో కారణమైతే రెండేళ్ల దాకా జైలు పడవచ్చని ఎన్‌డీపీఎస్ చట్టమే చెబుతోంది. సమాచారం ఎవరిచ్చారో బయటపెట్టమని అధికారిని బలవంతపెట్టడానికి వీల్లేదనీ చెబుతోంది. మూత్ర పరీక్ష కిట్లతో వరసబెట్టి పిల్లలను నిలబెట్టడమూ తగదు. గంజాయి ఆనవాళ్లు ఒంట్లో రోజుల తరబడి, రోజూ తాగేవాళ్లలో వారాల తరబడి ఉంటాయి. కిట్టు చూపించే గీత వైద్యుడి దగ్గరికి పంపడానికి ఆధారం కావచ్చు గానీ, పేరు కొట్టేయడానికి కాదు.

కాబట్టి ఉట్నూర్ సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థను (ఐటీడీఏ) మేము కోరేది ఇది. తన పరిధిలోని ప్రతి హాస్టల్, ప్రతి గురుకులం రాతపూర్వకంగా ఒక హామీ ఇవ్వాలి: వాడకం మాత్రమే తేలిన విద్యార్థికి టీసీ ఇవ్వం, బహిరంగంగా అవమానించం, చికిత్సకు పంపుతాం, హాజరు కోల్పోకుండా చూస్తాం. చెప్పుకోవడానికి పిల్లలు నమ్మే ఒక ఉపాధ్యాయుడి పేరు, ఒక ఉపాధ్యాయురాలి పేరు నోటీసు బోర్డు మీద ఉండాలి. ఆదిలాబాద్ రిమ్స్‌కు యాభై కిలోమీటర్ల దూరం పోలేక వైద్యం వదిలేసే పరిస్థితి ఉండకూడదు. మానసిక వైద్యుడు నెలలో కొన్ని రోజులైనా ఉట్నూర్‌కు రావాలి. ఊరి తగవులు తీర్చే ఆదివాసీ రాయ్ సెంటర్ల పెద్దలైన సార్‌మేడీలకు కాలేజీ కమిటీల్లో చోటు ఇవ్వాలి. గోండి, కోలామి మాట్లాడే తల్లిదండ్రులకు వాళ్ల భాషలో సర్దిచెప్పగలిగేది వాళ్లే. 1940లలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కాలంలో మొదలైన కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారులో భూమి, నీళ్లు, రోడ్ల గురించి అధికారులను నిలదీసినట్టే, పిల్లలను పట్టుకుంటున్న ఈ మత్తు గురించీ నిలదీయాలి. పోలీసులు తమ సత్తాను పొట్లం తాగిన పిల్లవాడి మీద కాక, విత్తనం పంచి సరుకు ఎత్తుకుపోయే దళారి మీద చూపాలి.

విద్యార్థులకు చెప్పేది కూడా అంతే స్పష్టం. ముందు దోస్తుతోనే మాట్లాడండి. వినకపోతే మీరు నమ్మే టీచర్‌కో, డాక్టర్‌కో, వాళ్ల ఇంటి పెద్దకో చెప్పండి. పేరు చెప్పకుండా సలహా కావాలంటే వ్యసన విముక్తికి 14446, మానసిక వేదనకు 14416 నంబర్లు ఉన్నాయి. స్పృహ తప్పినా, ఊపిరి సరిగా ఆడకపోయినా వాణ్ని ఒంటరిగా వదలకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. అమ్ముతున్నా, చిన్నపిల్లలకు అంటగడుతున్నా, మీ గదిలో సరుకు దాస్తున్నా ఇక దోస్తీ లెక్క వద్దు, 1908కి చెప్పండి. తాగిన పిల్లవాణ్ని చదువుకు దూరం చేయబోమని పెద్దలు మాట ఇవ్వాలి. ఆ మాట నమ్మి పిల్లలు నోరు విప్పాలి. ముందుగా మాట ఇవ్వాల్సింది మాత్రం పెద్దలే.