పూలు సరే, అతని పేరేదీ?

మొన్న డిసెంబర్లో ఓ శనివారం డార్ట్‌మూర్‌లో నడకకి వెళ్ళాను. ఇంగ్లండ్‌లోని డెవాన్ కౌంటీలో చెట్టూ చేమా తక్కువగా ఉండే పెద్ద బీడు అది. ఎండుగడ్డి, బురద, గుట్టల మీద ఎవరో పేర్చిపెట్టినట్టుండే గ్రానైట్ బండలు. నాలుగింటికే పొద్దుగూకుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరాను.

అక్కడ ప్రతి బండకీ ఓ కథ ఉంది. బౌవర్‌మన్స్ నోస్ అనే నిలువు బండ ఒకప్పుడు వేటగాడట. మంత్రగత్తెల జోలికెళితే వాళ్ళు అతన్నీ, అతని వేటకుక్కల్నీ రాళ్ళు చేసేశారట. ఆ కుక్కలే హౌండ్ టోర్ బండలు. మన అహల్య గుర్తొచ్చి నవ్వుకున్నాను.

హౌండ్ టోర్ నుంచి కొంచెం దూరం నడిస్తే రోడ్డు పక్కన చిన్న మట్టిదిబ్బ. పేరు జేస్ గ్రేవ్. అక్కడ మాత్రం నవ్వు రాలేదు. కిట్టీ జే అనే అనాథ పిల్ల ఓ రైతు ఇంట్లో పనికి కుదిరిందనీ, ఆ ఇంటి కొడుకు వల్ల గర్భవతై ఉరేసుకుందనీ చెబుతారు. ఆత్మహత్య చేసుకున్నవాళ్ళని ఆ రోజుల్లో చర్చి శ్మశానంలోకి రానిచ్చేవారు కాదు, దారులు కలిసేచోట పూడ్చేవారు. ఆ పద్ధతి ఆపమని 1823లో చట్టం వచ్చింది. తర్వాతెప్పుడో రోడ్డు పనివాళ్ళకి ఇక్కడ ఎముకలు దొరికితే, జేమ్స్ బ్రయంట్ అనే ఆసామి వాటిని శవపేటికలో పెట్టించి మళ్ళీ పూడ్పించాడు. ఇప్పటికీ ఆ దిబ్బ మీద ఎవరో ఒకరు పూలు పెడుతూనే ఉంటారు. పిక్సీలనే బుల్లి దేవతలు పెడతారని కూడా అంటారు.

పూలు పెట్టేవాళ్ళంటే నాకు గౌరవమే. కానీ కథలో ఆ పిల్ల పేరుంది, ఆ కొడుకు పేరు లేదు. అవమానమంతా ఆమె ఖాతాలోనే పడింది.

మా ఊళ్ళోనూ ఓ బావి ఉండేది. దయ్యముందని చిన్నప్పుడు మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. ఎవరో కోడలు దూకిందని మాత్రం తెలుసు. కాస్త చదువుకున్నాక దయ్యాల్లేవని కొట్టిపారేశాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. పిల్లల్ని దయ్యం పేరు చెప్పి భయపెట్టినవాళ్ళకీ, దయ్యం లేదని వాదించిన నాకూ ఒక్క ప్రశ్న తట్టలేదు: ఆవిడ ఎందుకు దూకింది?

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ పేరు చెప్పింది. "ఎవరివల్లమ్మా?" అంటే కాసేపాగి, "ఇప్పుడెందుకురా అవన్నీ, వాళ్ళింకా ఊళ్ళోనే ఉన్నారు" అంది.

జానపద కథలు మూఢనమ్మకాలని పారేయకండి, అందంగా ఉన్నాయని మురిసిపోయి ఊరుకోనూ వద్దు. మీ ఊళ్ళోనూ అలాంటి బావో, చింతచెట్టో ఉండే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు దాని సంగతి అడిగి చూడండి. దయ్యం గురించి కాదు, మనుషుల గురించి.