పంజరంలో పోరు, గుండెలో పరితాపం

నిద్ర పట్టకపోవడానికి కారణమేమని అడిగితే పూర్వం అప్పులో, వ్యాజ్యాలో, బిడ్డల పెండ్లిండ్లో చెప్పేవారు. ఇటీవల ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల నుంచి వైద్యానికి వచ్చే గృహస్థులలో కొందరు మరొక కారణాన్ని సంకోచిస్తూ బయటపెడుతున్నారు. ముచ్చటపడి పెంచుకొంటున్న పక్షులలో ఒకటి రెండవదానిని పొడిచి గాయపరచింది, లేదా చంపివేసింది. “ఒక జీవి నా ఇంట, నేను కట్టిన పంజరంలో చచ్చింది. ఆ పాపం నాదే కదా?” అన్నది వారి ప్రశ్న. అన్నం సహించదు, రాత్రి కన్ను మూతపడదు. ఇంటిలోని వారు “పిట్ట కోసం ఇంత దుఃఖమా” అని నవ్వుతారు. ఆ నవ్వుతో దుఃఖం రెండింతలవుతుంది.

ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదని నా నిశ్చితాభిప్రాయం. రోగాన్ని పెంచే కారణాలలో విషాదమే ప్రధానమైనదని చరకాచార్యులు చెప్పియున్నారు. విషాదానికి కారణం చిన్నదా పెద్దదా అన్న విచారణ అక్కడ లేదు. చీమను, పురుగును కూడా తనతో సమానంగా చూడవలెనని వాగ్భటాచార్యులు సద్వృత్త ప్రకరణంలో బోధించారు. అట్టి సంస్కారం గల మనస్సు ఒక పక్షి మరణానికి కలత చెందడం దోషం కాదు. అయితే పశ్చాత్తాపం వేరు, విషాదం వేరు. పశ్చాత్తాపం మనిషిని లేపి పనికి పురికొల్పుతుంది. విషాదం మంచాన పడవేస్తుంది. మొదటిదానిని నిలుపుకొని రెండవదానిని వదిలించుకోవడం ఎట్లాగన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

ముందుగా పక్షి స్వభావాన్ని తెలుసుకోవాలి. చరకసంహిత అన్నపాన విధిలో పక్షులను అవి ఆహారం తినే తీరును బట్టి విభజించారు. కాళ్లతో చెదరగొట్టి ఏరుకొని తినే కోడి, కౌజు వంటివి విష్కిరములు. ముక్కుతో పొడిచి తినే చిలుక, గోరువంక, పావురము వంటివి ప్రతుదములు. పొడవడమే ఆ జాతికి పేరయింది. ముక్కే దానికి చేయి, అదే పనిముట్టు, అదే ఆయుధం. కోళ్ల మందలో ఏది ఎవరిని పొడవవచ్చునో ఒక వరుస క్రమం ఉంటుందని నార్వే దేశపు పండితుడు షెల్డరప్ ఎబ్బే సుమారు నూరేండ్ల క్రిందట వివరించాడు. మన పెరటిలో క్రొత్త పెట్టను విడిచిన నాడు జరిగే రభసను చూసిన ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి అనుభవమే. దీనిలో పగ లేదు, పాపచింతన అంతకన్నా లేదు.

రెండవ విషయం పేరు చేసిన మోసం. మన సంతలలో, అంగళ్లలో “లవ్ బర్డ్స్” అని అమ్మే పచ్చని, నీలి చిన్న చిలుకలు నిజానికి లవ్ బర్డ్స్ కావు. అవి ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగర్లు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చిన పిమ్మట లోకమంతటా వ్యాపించాయి. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. బొద్దుగా, బలమైన ముక్కుతో ఉంటాయి. రెండూ ఒకటేననుకొని ఒకే పంజరంలో వేస్తే బడ్జెరిగర్ల కాలివ్రేళ్లు తెగిపోతాయి. ప్రేమ పక్షులన్న పేరు విని కొన్నవారు అవి పోట్లాడినప్పుడు తమ ఇంటికే ఏదో అరిష్టం పట్టినట్లు బాధపడుతున్నారు. అరిష్టమేమీ లేదు, అంగడివాడు పెట్టిన పేరు తప్పు, అంతే.

ఆయుర్వేదంలో చికిత్సకు తొలిమెట్టు నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం. పంజరపు పోరుకు నేను గమనించిన కారణాలు ఐదు.

మొదటిది ఇరుకు. పక్షి అడ్డంగా ఎగురుతుంది, నిలువుగా కాదు. కాబట్టి గోపురంవలె ఎత్తైన పంజరం కంటె పొడవైనది మేలు. ఒక జంటకు కనీసం 3 అడుగుల పొడవుండాలి.

రెండవది ఒకే గిన్నె. బలమైన పక్షి గిన్నెను ఆక్రమిస్తుంది. పక్షుల సంఖ్య కంటె ఒక గిన్నె ఎక్కువగా, దూరదూరంగా అమర్చాలి. మన మెట్టలో పండే కొర్ర, సజ్జ కంకులను రెండు మూడు చోట్ల వ్రేలాడదీస్తే వాటికి ఆహారమూ, కాలక్షేపమూ రెండూ సమకూరుతాయి.

మూడవది గూటి కుండ. గూడు కనబడితే ఆడపక్షి దానికోసం మరొక ఆడపక్షిని చంపడానికైనా వెనుదీయదు. పిల్లలను చేయించదలచనివారు కుండను తీసివేయాలి. బడ్జెరిగర్లలో ముక్కుపై కండ నీలంగా ఉంటే మగది, గోధుమ రంగులో ఉంటే ఆడదని సాధారణంగా గుర్తు. ఒక మగదానికి రెండు ఆడవి ఉంచడం కలహానికి మూలం.

నాలుగవది ఎండ. పక్షులకు చెమట గ్రంథులు లేవు, నోరు తెరచి రొప్పడమే వాటి ఉపాయం. మన ప్రాంతపు ఏప్రిల్, మే నెలల ఎండలో రేకుల వసారాలో పంజరం వ్రేలాడదీస్తే వాటి చిరాకు పెరుగుతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. చుట్టూ తడిగోనె కట్టి గాలి ఆడనివ్వాలి.

ఐదవది తొందరపాటు. క్రొత్త పక్షిని తెచ్చిన నాడే పాతవాటిలో కలుపరాదు. 30 రోజులు వేరే గదిలో ఉంచితే ఏదైనా వ్యాధి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. చిలుకల వలన మనుష్యులకు కూడా సోకే జ్వరం ఒకటున్నది. తరువాత కొన్నాళ్లు రెండు పంజరాలను ప్రక్కప్రక్కన ఉంచి, పిమ్మట లోపలి కొమ్మలను, గిన్నెలను మార్చి రెండింటినీ ఒకేసారి విడవాలి. అప్పుడు ఆ చోటు ఏ ఒక్కదానిదీ కాదు. ఉదయగిరి చెక్క గరిటెల కాడవలె నున్నగా చిత్రిక పట్టిన కర్ర కంటె, లావు సన్నము కలిసిన వేపకొమ్మ, జామకొమ్మ వాటి పాదాలకు హితం.

గాయమైనచో వెంటనే విడదీయాలి. 30, 40 గ్రాముల బరువున్న పక్షిలో రక్తం మొత్తం సుమారు 3 మిల్లీలీటర్లే. పది చుక్కలు పోయినా ప్రమాదమే. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు మెత్తగా అదిమి పట్టి, వెచ్చని చీకటి పెట్టెలో ఉంచి, సమీపంలోని పశువైద్యశాలకు తీసుకొనిపోవాలి. నూనెలో కలిపిన పసుపు, నెయ్యి, కర్పూర తైలం పూయవద్దు. మనకు మేలు చేసే తైలం పక్షికి ఈకలు అంటుకొనిపోయేటట్లు చేసి ఒంటివేడిని హరిస్తుంది. ఇంటివైద్యం తన హద్దు తెలుసుకొన్నప్పుడే వైద్యమవుతుంది.

ఇక పాప పరిహారం పేరిట జరుగుతున్న రెండు అనుచిత కార్యాలను గట్టిగా ఖండింపవలసియున్నది. కొందరు పొడిచిన పక్షిని ద్వేషించి ఆకలికి మాడ్చుతారు. తన శిక్షకు కారణమేమిటో దానికి తెలియదు. బెదరిన పక్షి మరింత పొడుస్తుంది. మరికొందరు పంజరం తలుపు తెరచి ఎగురవేసి పుణ్యం వచ్చిందని సంతోషిస్తారు. తరతరాలుగా పంజరంలో పుట్టి పెరిగిన పరదేశపు పక్షికి మన ఎండలో మేత వెదకుకోవడం రాదు. కాకికో పిల్లికో ఆహారమవుతుంది. అది విముక్తి కాదు, కంటికి కనబడని వధ. దానికి తగిన వేరొక పంజరం ఏర్పరచడం, లేదా బాగుగా చూసుకొనే వారికి అప్పగించడం ధర్మం.

మన రామచిలుక సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానినే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఇంట ఉన్నచో అటవీశాఖ వారికి అప్పగించడమే మార్గం. ఉదయగిరి దుర్గం కొండల మీదనో, సోమశిల ఆయకట్టు చేల మీదనో అది గుంపుగా ఎగిరినప్పుడు చూసి ఆనందించడం చాలును.

పక్షులను బంధించడమే తప్పని వాదించేవారున్నారు. వారి మాటలో సత్యమున్నది. క్రొత్తగా కొనవద్దనే నేనూ చెబుతాను. కాని ఇప్పటికే ఇంట ఉన్న ప్రాణి పట్ల బాధ్యత ఆ వాదంతో తీరిపోదు.

చివరగా, బాధపడుతున్న గృహస్థునికి చికిత్స. బుద్ధి, ధైర్యం, స్మృతి అనే మూడూ భ్రంశమైనప్పుడు జరిగే పనిని మన శాస్త్రం ప్రజ్ఞాపరాధమన్నది. దానికి మందు ఆ మూడింటిని నిలబెట్టుకోవడమే. జరిగినదానికి కారణమేమో ఆలోచించి తెలుసుకోవడం బుద్ధి. పంజరాన్ని సరిదిద్ది, ఉదయం సాయంకాలం పావుగంట ప్రక్కన కూర్చుండి ఏ పక్షి తింటున్నది, ఏది మూలకు ఒదుగుతున్నది అని గమనించే ఓపిక ధైర్యం. నేర్చిన పాఠాన్ని మరువక మరొకరికి చెప్పడం స్మృతి. రాత్రి పరుండబోయే ముందు గోరువెచ్చని నువ్వులనూనె అరికాళ్లకు మర్దించుకొని, పడితే వెచ్చని పాలు త్రాగితే నిద్రకు సహాయపడుతుంది. రెండు వారాలు గడచినా నిద్ర, ఆకలి కుదుటపడనిచో వైద్యుని తప్పక సంప్రదించవలెను.

ఇంటిలో పిల్లలు ఆ ఘట్టాన్ని చూసియుంటే సంగతి దాచవద్దు. చనిపోయిన పక్షిని వారిచేతనే చెట్టు క్రింద పాతిపెట్టించి, ఎందుకట్లా జరిగిందో నెమ్మదిగా చెప్పండి. ఆ తరువాత మిగిలిన పక్షికి వారిచేతనే నీళ్లు పోయించండి. చనిపోయినదానికి మన కన్నీళ్లతో పనిలేదు. బ్రతికియున్నదానికి మన శ్రద్ధతో పని ఉన్నది.