నౌపడ చిన్నబండి – కట్టవలసిన నమూనా



లండను నగరంలో 1910లో కొందరు ఔత్సాహికులు కూడి నమూనా రైళ్ల సంఘమొకటి స్థాపించారు. అది నేటికీ నడుస్తున్నది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1946లో విద్యార్థులు పెట్టుకొన్న అటువంటి సంఘం నుండే, బొమ్మ పట్టాల క్రింది తీగల చిక్కులు విప్పుతూ విప్పుతూ, కొందరు గణకయంత్రాల దాకా వెళ్లారు. 'హ్యాకర్' అన్న మాటకు నేటి అర్థం అలవడినది ఆ గోష్ఠిలోనే. మన దేశంలో పూనా నగరాన జోషిగారి చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి ఉన్నది. కనుక ఇది పిల్లలాట అని తీసిపారవేయదగిన విద్య కాదు.

ఉత్తరాంధ్రలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు నాకు ముందుగా స్ఫురించేది నౌపడ. పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి తన రాజధానిని నౌపడ వద్ద పెద్ద లైనుతో కలపదలచి వేయించిన చిన్న రైలుమార్గం 1900లో ప్రారంభమయింది. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. 1931 నాటికి అది గుణుపూరు వరకు సాగి, సుమారు 90 కిలోమీటర్ల మార్గమయింది. 2004 జూన్ 9న ఆ బండి ఆగిపోయింది. పట్టాలు వెడల్పు చేశాక పెద్ద రైలు 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపూరుకు చేరింది.

పెద్ద రైలు వచ్చినందుకు నేను చింతించను. రోగిని విశాఖ తీసుకొనిపోవలసినవానికి చిన్నబండి నడక ముచ్చట కాదు, శిక్ష. నా చింత వేరు. నూరేళ్లు మించి నడిచిన ఒక వ్యవస్థ ఎట్లా నడిచిందో చెప్పగలవారు తరిగిపోతున్నారు. 2004లో నలభై ఏళ్లున్న గ్యాంగుమనిషికి నేడు అరవై దాటింది. నాటి పెద్ద డ్రైవర్లు ఎనభైల్లో ఉంటారు.

దీనికి గ్రంథం చాలదా అని అడగవచ్చు. చాలదు. గ్రంథకర్త 'బండి స్టేషనులో ఆగెను' అని వ్రాసి ముందుకు పోగలడు. నమూనా కట్టేవాడు అట్లా పోలేడు. నీళ్ల ట్యాంకు ఏ వైపు? పెట్టెకు కిటికీలెన్ని? ప్లాటుఫారం ఎత్తెంత? ఇంజను ముఖం తిప్పేదెక్కడ? ఇవి తెలియనిదే అతని చేయి కదలదు. తెలియాలంటే తెలిసినవారి అరుగు మీద కూర్చోవాలి. నమూనా విలువ దాని అందంలో కన్న, అది మన చేత అడిగించే ప్రశ్నలలో ఉన్నది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను సవరల నోటనే విని నేర్చుకొన్నారు. ఆయన అక్కడ పాఠాలు చెబుతున్న కాలంలోనే ఈ రైలు వచ్చింది. రైలు పనివారి మాటలకూ ఆ పద్ధతే శరణ్యం. కేవల పండితుల నిఘంటువులో అవి దొరకవు. పండిత శిక్షణ పొందిన నేనే ఈ మాట ఒప్పుకొంటున్నాను.

మరొక చిక్కున్నది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపూరు అటు పోయాయి. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు మిగిలాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ నడుమ ఉన్నది మహేంద్రతనయ ఒక్కటే. అయినా ఉమ్మడి సొత్తు ఎవరి సొత్తూ కాకుండా పోయే ప్రమాదం ఇటువంటి చోటనే ఉంటుంది. ప్రభుత్వాలు తేల్చుకొనే దాకా ఆగడం కన్న, రెండు ఒడ్డుల వారూ కూడి చిన్న సంఘం కట్టుకోవడం మేలు.

ఇది ధనవంతుల వ్యసనమంటారా? లెక్క చూడండి. నమూనాకారులు విరివిగా వాడే 87వ వంతు కొలతలో ఈ పట్టాల వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు. మార్గమంతా కట్టబోతే కిలోమీటరు దాటుతుంది, అది మన వల్ల కాదు. ఒక్క టెక్కలి స్టేషను చాలు, ఒక బల్ల మీద పడుతుంది. అట్టతో మొదలుపెట్టవచ్చు. ఆపై చేతులు కావాలంటే బుడితిలో ఇత్తడి పనివారున్నారు, బొబ్బిలి వీణకు పనసకర్ర తొలిచే గొల్లపల్లి వారున్నారు, ఏటికొప్పాకలో అంకుడుకర్ర బొమ్మల వారున్నారు. ఇంతమంది నిపుణులను ఇరుగుపొరుగున ఉంచుకొని విదేశీ పెట్టెలలో వచ్చే ఇంజనును చూసి మురియడం మనకు శోభించదు.

ఆ దారిన ప్రయాణించినవారు మీలో ఉంటే, ఒక టికెట్టు, ఒక ఛాయాచిత్రం, ఇంట్లో పెద్దవారు చెప్పిన ఒక్క మాట దాచిపెట్టండి. సంఘం తరువాత ఏర్పడినా నష్టం లేదు. చెప్పేవారు వెళ్లిపోయాక మాత్రం బల్ల మీద పట్టాలుంటాయి కానీ బండి నడవదు.

స్వస్తి.