మెట్ల కింద మీటర్లు: ఎవరి నిర్ణయం, ఎవరి ప్రాణం?

2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనానికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అగ్నిమాపక శాఖ ప్రాథమికంగా చెప్పింది. లోపలికి ఇరుకు దారి, పైకి ఒకటే మెట్ల వరస. ఎక్కువ మందిని చంపింది పొగ. పత్రికలు నాలుగు రోజులు రాశాయి, నాయకులు పరామర్శించారు. 'షార్ట్ సర్క్యూట్' అన్న ఒక్క మాటతో అందరి బాధ్యతా తీరిపోయింది.

షార్ట్ సర్క్యూట్ ఆకాశం నుంచి పడే పిడుగు కాదు. తీగలు ఎక్కడ వేయాలో, మీటర్లు ఎక్కడ బిగించాలో, ఎంత ఖర్చు మిగుల్చుకోవాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. మన అపార్ట్‌మెంట్లలో, వాటాల ఇళ్ళలో మీటర్లు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. చాలాచోట్ల మెట్ల కిందే. చెక్క పలక మీదో, తలుపు ఊడిన పెట్టెలోనో పది పదిహేను మీటర్లు. వాటి కింద స్కూటర్లు, పాత పేపర్లు, విరిగిన కుర్చీలు. పక్కనే ఒక చిన్న గది, అందులో వాచ్‌మన్ కుటుంబం. నిప్పు పుడితే మొదట తగిలేది ఆ గదికే. ఆ గదిలో ఉండే స్త్రీ భవనం మెట్లన్నీ తుడుస్తుంది, కానీ మీటర్ల సంగతి మాట్లాడే మీటింగుకు ఆమెను ఎవరూ పిలవరు.

వదులుగా బిగించిన తీగ వేడెక్కుతుంది. ఒకప్పుడు రెండు బల్బులకు, ఒక ఫ్యానుకు వేసిన తీగ మీద ఇప్పుడు గీజరు, ఏసీ నడుస్తున్నాయి. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు కాలితే నల్లని విషవాయువు వస్తుంది. మెట్ల దారి పొగగొట్టంలా దాన్ని పై అంతస్తులకు లాక్కుపోతుంది. బయటికి వెళ్ళవలసిన దారే పొగ వచ్చే దారి అవుతుంది.

ఇది తెలియక జరుగుతున్నది కాదు. ఎలక్ట్రిక్ ప్యానెళ్ళు, గ్యాసు పైపులు మెట్ల దారిలో ఉండరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి 2005లోనే చెప్పింది. దాన్ని నిబంధనగా మార్చి అమలు చేయవలసింది ప్రభుత్వం, మునిసిపాలిటీలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 18 మీటర్ల ఎత్తుకు చేరని నివాస భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అక్కరలేదు. అంటే మనలో ఎక్కువ మంది అద్దెకుండే నాలుగంతస్తుల ఇళ్ళను ఆ శాఖ ముందుగా చూసేదే లేదు.

ఇందులో స్త్రీల సమస్య ఏముందని అడిగేవారుంటారు. పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు? పసిపిల్లను చంకనెత్తుకుని, మంచం పట్టిన అత్తగారిని పట్టుకుని మెట్లు దిగవలసింది ఎవరు? 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం, 2001లో భారతదేశంలో మంటల్లో 1,63,000 మంది చనిపోయారని, వారిలో 1,06,000 మంది స్త్రీలని అంచనా వేసింది. వీటిలో హత్యలున్నాయి, ఆత్మహత్యలున్నాయి. 'స్టౌ పేలింది' అన్న అబద్ధం ఎన్ని వరకట్న హత్యలను కప్పిపుచ్చిందో మనకు తెలుసు. ఇంట్లోని వైరింగు, గ్యాసు అమరిక తనిఖీ చేసిన రికార్డు ఉంటే ఆ అబద్ధమూ అంత తేలిగ్గా చెల్లదు. అందువల్ల ఈ తనిఖీ మనకు రెండు విధాలా అవసరం.

లండనులోని గ్రెన్‌ఫెల్ టవర్ 24 అంతస్తులకూ ఒకటే మెట్ల దారి. అందులో వేసిన గ్యాసు పైపులను మంటకు తట్టుకునే పెట్టెలతో మూయలేదని నివాసులు ముందే ఫిర్యాదు చేశారు. 2017 జూన్ 14న ఆ భవనం కాలి 72 మంది చనిపోయారు. మంట ఆ పైపుల వల్ల పుట్టలేదు, ప్రధానంగా బయటి గోడలకు వేసిన తొడుగు వల్ల వ్యాపించింది. కానీ అద్దెకున్నవారి మాటకు విలువ లేకపోవడం అన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

మనకు వచ్చే జవాబు తెలిసిందే. కరెంటాఫీసుకు వెళ్తే "ఇల్లుగలాయన్ని రమ్మనమ్మా" అంటారు. ఇల్లుగలాయన "కరెంటోళ్ళనే అడుగు" అంటాడు. అయితే 2003 విద్యుత్ చట్టం వినియోగదారు అంటే ఇంటి యజమాని అని చెప్పలేదు. సరఫరా పొంది వాడుకునే వ్యక్తి వినియోగదారే. అద్దె ఇంటి స్త్రీ కూడా 1912కు ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్ళవచ్చు. గ్యాసు లీకైతే 1906కు ఫోను చేయవచ్చు.

మనం అడగవలసినవి స్పష్టంగా ఉండాలి. మీటర్లను మెట్ల దారి నుంచి తీసేయాలి. తీయడం కుదరని పాత ఇళ్ళలో, మంటకు తట్టుకునే మూత ఉన్న పెట్టెలో పెట్టి ఎర్త్ చేయాలి, తీగలు వెళ్ళే రంధ్రాలు మూయాలి. మెయిన్ స్విచ్ అందరికీ అందేలా ఉండాలి. గ్యాసు మీటరు, కరెంటు మీటరు ఒకే పెట్టెలో పెట్టరాదు. గ్యాసు పెట్టెకు గాలి రంధ్రాలుండాలి. పైపు గ్యాసు తేలిక కనుక పైన, సిలిండరు గ్యాసు బరువు కనుక కింద. ఈ ఖర్చు యజమానులు, పంపిణీ సంస్థలు భరించాలి, అద్దెలో కలపరాదు.

సంఘాల బాధ్యులు తమ బస్తీలో ఒక్కొక్క వీధి తీసుకుని మీటర్లు ఎక్కడున్నాయో రాసుకోవాలి. ఆ జాబితాతో పదిమందీ కలిసి కరెంటాఫీసుకూ మునిసిపాలిటీకీ వెళ్ళి, ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తీసుకోవాలి. రేపు ఏ ఇంట్లోనైనా ప్రమాదం జరిగితే 'మాకు తెలియదు' అనే వీలు అధికారులకు ఉండకూడదు.